దరఖాస్తు పెట్టేవి, పెట్టకుండా వచ్చేవి

2024 జూలైలో దాశరథి కృష్ణమాచార్య పురస్కారం సిరిసిల్ల కవి జూకంటి జగన్నాథానికి వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్‌లో కాళోజీ పురస్కారం నలిమెల భాస్కర్‌కు దక్కింది. ఆయన సొంతూరు ఎల్లారెడ్డిపేట మండలం నారాయణపురం. మరుసటి ఏడాది దాశరథి పురస్కారం కరీంనగర్ కవి అన్నవరం దేవేందర్‌ది. పాత కరీంనగర్ జిల్లాకు వరుసగా ఇన్ని గౌరవాలు వచ్చేసరికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కొత్తగా రాస్తున్న పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దానికి ఎట్ల అప్లై చేయాలె?

చేసేదేమీ లేదు. అవి ఒక ఎంపిక సంఘం కూర్చొని, ఒకరి జీవితకాలపు కృషిని చూసి నిర్ణయించేవి. వాటికోసం ఎదురుచూడటం పని కాదు, వాటి గురించి ఎవరినో కలవడం అంతకన్నా పని కాదు. మీ చేతిలో ఉన్నవి రెండో రకం. ప్రకటన వేసి, గడువు పెట్టి, ఎవరైనా పంపుకోవచ్చని చెప్పేవి. పోటీలు, పుస్తక పురస్కారాలు, స్కాలర్‌షిప్‌లు, ఫెలోషిప్‌లు, చిత్రకారులైతే ఓపెన్ కాల్స్. మన ఊళ్లలో నష్టం ఎక్కువగా జరిగేది ఈ రెండో రకంలోనే. హైదరాబాద్‌లో సభలకు తిరిగేవాళ్లకు ముందే తెలుస్తుంది. కోరుట్లకు వాట్సాప్‌లో చేరేసరికి గడువుకు రెండు రోజులుంటుంది, లేదా దాటిపోయి ఉంటుంది. ప్రతిభ లేక కాదు, తేదీ తెలియక మనవాళ్లు ఆగిపోతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే దీన్ని సరిచేసుకోవడం పూర్తిగా మన చేతిలో ఉంది.

ముందుగా మీ పుట్టిన తేదీ తీసి ముందు పెట్టుకోండి. ఈ రంగంలో తొలి అర్హత వయసే, ఏ ఏటికి ఏది మూసుకుపోతుందో తెలియక చాలామంది వాటిని పోగొట్టుకుంటారు. 15 నుంచి 29 ఏళ్లవాళ్లకు జిల్లా యువజన ఉత్సవం ఉంది. జానపద నృత్యం, జానపద గేయంతో పాటు కవిత్వం, కథా రచన, చిత్రలేఖనం పోటీలు కూడా పెడుతున్నారు. జిల్లాలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ గెలిస్తే జనవరి 12 వివేకానంద జయంతి సందర్భంగా జరిగే జాతీయ ఉత్సవానికి. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాక ఒక మేలు జరిగింది. అంతకుముందు కరీంనగర్‌లో అందరితో కలిసి పోటీ పడాల్సి వచ్చేది, ఇప్పుడు ఎవరి జిల్లా ఎంపిక వాళ్లది. చిన్న జిల్లాలో పోటీకి వచ్చేవాళ్లు తక్కువ. జిల్లా యువజన, క్రీడల కార్యాలయంలో నవంబర్ మొదట్లోనే ఒకసారి కనుక్కోండి. బడి పిల్లలైతే 9 నుంచి 12 తరగతులవాళ్లకు కళా ఉత్సవ్ ఉంది. దాని సంగతి ప్రధానోపాధ్యాయుడిని అడగాలి.

18 నుంచి 25 మధ్య ఉండి గురువు దగ్గర కళ నేర్చుకుంటున్నవాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళతో పాటు జానపద, సంప్రదాయ కళలు కూడా ఇందులోకి వస్తాయి. దీన్ని నడిపేది సి.సి.ఆర్.టి., అంటే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది. 25 దాటితే ఇదే శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, 40 దాటితే సీనియర్ ఫెలోషిప్ నెలకు 20,000, అవి కూడా రెండేళ్లే. వీటికి ఒక పరిశోధనాంశం రాసి పంపాలి. మీ ఊరి కళ గురించి మీకు తెలిసినంత ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలియదు, ఆ తెలిసిందే మీ బలం. ధర్మపురి నర్సింహస్వామి చుట్టూ అల్లుకున్న పాటలు, కోరుట్ల, మెట్‌పల్లి బీడీ కార్మికుల పాటలు, దుబాయ్ పోయినవాళ్ల ఇండ్లలో ఆడవాళ్లు కట్టుకున్న పాటలు. ఇట్లాంటి అంశానికి మీకన్నా హక్కుదారు ఎవరు?

ఇక సాహిత్యం. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 2011లో మొదలైంది. పురస్కారం ఇచ్చే ఏడాది జనవరి 1 నాటికి 35 ఏళ్లు దాటకూడదు, బహుమతి 50,000. దీనికి అకాడమీ ప్రకటన వేసి పుస్తకాలు పిలుస్తుంది. రచయిత పంపొచ్చు, ప్రచురణకర్త పంపొచ్చు. 2021లో తగుళ్ల గోపాల్ ‘దండకడియం’కు వచ్చింది, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’కు వచ్చింది. కార్తీక్ నాయక్‌ది నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి దగ్గరి తండా, కోరుట్ల నుంచి చూస్తే పక్క జిల్లానే. సిరిసిల్లలో పుట్టిన పత్తిపాక మోహన్‌కు 2022లో ‘బాలల తాతా బాపూజీ’ అనే పుస్తకానికి ఇదే అకాడమీ బాల సాహిత్య పురస్కారం ఇచ్చింది. నేతకారుల ఊరి నుంచి పిల్లల కోసం రాసిన పుస్తకం అంతదూరం పోయింది. పుస్తకం ఇంకా రాని యువ రచయితలకు అకాడమీ నవోదయ పథకం కింద తొలి పుస్తకాన్ని తానే వేస్తుంది. తెలుగు పనులు చూసేది అకాడమీ బెంగళూరు కార్యాలయం, ఉత్తరం రాయాల్సింది అక్కడికి. 30 లోపువాళ్లకు నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పి.ఎం. యువ పథకం ఇంకొకటి. ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకు 50,000, ఆపైన పుస్తకంపై రాయల్టీ. తెలుగులో రాయొచ్చు. కాకపోతే అంశాలు వాళ్లే ముందు చెప్తారు, కవిత్వం పంపేది కాదు.

దగ్గరి పురస్కారాలను తక్కువ చేసి చూడొద్దు. నా ఉద్దేశంలో కొత్త కవి మొదట పంపాల్సింది వీటికే. కరీంనగర్‌లో సాహితీ గౌతమి ఇచ్చే సినారె కవితా పురస్కారం, సిరిసిల్లలో రంగినేని ఎల్లమ్మ సాహిత్య పురస్కారం, కుందుర్తి ఆంజనేయులు పేరుతో పెనవేసుకున్న ఫ్రీవర్స్ ఫ్రంట్ పురస్కారం, తెలుగు విశ్వవిద్యాలయం ప్రక్రియలవారీగా ఇచ్చే 20,116 రూపాయల సాహితీ పురస్కారాలు. సి. నారాయణరెడ్డి పుట్టింది వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో. ఆయనకు 1988లో జ్ఞానపీఠం రావడానికీ ఆ పల్లెకూ మధ్య దూరం ఎంతో ఆలోచిస్తే, ఆయన పేరిట ఇచ్చే పురస్కారానికి పక్క మండలం పిల్లవాడు తన మొదటి పుస్తకం పంపడంలో ఉన్న విలువ తెలుస్తుంది. కథ రాసేవాళ్లకు ముల్కనూరు ఉంది. పాత కరీంనగర్ జిల్లాలోని ఆ ఊరి సాహితీపీఠం, ‘నమస్తే తెలంగాణ’తో కలిసి కథల పోటీ పెడుతున్నది. సహకార బ్యాంకుతో పేరు తెచ్చుకున్న పల్లె, కథతో రాష్ట్రమంతటినీ పిలిచింది. ఇట్లాంటిది జగిత్యాల గ్రంథాలయం చుట్టూ కూడా మొదలుకావాలని నా కోరిక.

ఈ పుస్తక పురస్కారాల్లో మనవాళ్లు ఓడిపోయేది చాలావరకు లోపలి పేజీ దగ్గర. ప్రకటనలో ‘ఫలానా సంవత్సరాల మధ్య వచ్చిన సంపుటాలు’ అని ఉంటుంది. పుస్తకం డిసెంబర్‌లో అచ్చయి, ముద్రణ వివరాల పేజీలో అదే ఏడాది పడి, ఆవిష్కరణ మరుసటి ఏడు ఉగాదికి జరిగితే, ఒక ఏడాది అర్హత ఊరికే పోయినట్టే. కొన్ని పురస్కారాలు ఒక ఏడు కవిత్వానికి, ఒక ఏడు కథకు తిరుగుతుంటాయి. మీ వంతు ఏడాదికి మీ పుస్తకం పాతబడకుండా అచ్చు వేయించే నెల ఎంచుకోండి. మొదటి ముద్రణ అని, నెల, సంవత్సరం స్పష్టంగా వేయించండి. సొంత డబ్బుతో వేసుకున్నవాళ్లు సభలో అందరికీ పంచి, పురస్కారాలకు పంపడానికి ప్రతులు లేక జిరాక్సుల కోసం తిరుగుతుంటారు. ఒక్కో చోట నాలుగైదు ప్రతులు అడుగుతారు. కనీసం ముప్పై ప్రతులు కట్టగట్టి పక్కన పెట్టండి, బంధువులు అడిగినా తీయకండి.

‘చివరి తేదీ’ అంటే పంపే తేదీయా, చేరే తేదీయా అన్నది చదవండి. చాలా ప్రకటనల్లో చేరే తేదీయే. జగిత్యాల నుంచి బెంగళూరుకో ఢిల్లీకో వారం చేతిలో పెట్టుకోవాలి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. కనుక ఇప్పుడు స్పీడ్ పోస్టు చేసి, రసీదు ఫోటో తీసి పెట్టుకుంటే చాలు.

అచ్చు కాని కవితకు పెట్టే పోటీలు వేరే రకం. విజయవాడలోని ఎక్స్‌రే సాహిత్య సంస్థ పెట్టే పోటీ ఉంది, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ ఉగాదికి పెట్టే రచనల పోటీ ఉంది. అమెరికా సంఘాలు తమ మహాసభల ముందు కథ, నవల పోటీలు ప్రకటిస్తుంటాయి. వీటికి దూరం అడ్డు కాదు. గల్ఫ్‌లో క్యాంపు గదిలో ఉండి రాస్తున్న మన కోరుట్ల అన్నలకు కూడా చెప్పండి. వాళ్ల బతుకు తెలుగు సాహిత్యంలోకి రావాల్సినంత ఇంకా రాలేదు. ఇక్కడ రెండే జాగ్రత్తలు. ఒకటి, ‘ఎక్కడా ప్రచురితం కాకూడదు’ అన్న షరతులో ఫేస్‌బుక్ కూడా ఉంటుంది. 2012 నుంచి కవిసంగమం వంటి గుంపులు కొత్త కవులకు చాలా మేలు చేశాయి, కానీ రాసిన గంటకే అక్కడ పెట్టిన కవిత పోటీకి పనికిరాదు. మంచి కవితలు రెండుమూడు ఎప్పుడూ బయట పెట్టకుండా దాచుకోండి. రెండు, కవిత ఉన్న కాగితం మీద పేరు రాయొద్దంటే రాయొద్దు. పేరు, చిరునామా, సొంత రచనే అన్న హామీపత్రం వేరే కాగితంలో ఉండాలి. టైపు యూనికోడ్‌లో చేయించండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో చేసిన ఫైలు అవతలివాళ్ల కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది. మీ కవితను ఎవరూ చదవకుండానే పక్కన పెట్టేస్తారు, ఆ సంగతి మీకెప్పటికీ తెలియదు.

హక్కుల మాట కూడా చదవాలి. ‘పంపిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అన్న వాక్యం కింద సంతకం పెట్టే ముందు ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రాసిచ్చిన పత్రంలో కాలం చెప్పకపోతే ఐదేళ్లకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అది పరిమితం. అందుకే కాలం, ప్రాంతం రాసి ఉన్నాయా అని చూసుకోండి. సంకలనంలో ఒకసారి వేసుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు, కవితను పూర్తిగా వదులుకోవడం వేరు.

డబ్బు కట్టించుకొని ఇచ్చే బిరుదుల గురించి గట్టిగా చెప్పాలి. ‘జాతీయ స్థాయి పురస్కారం, రిజిస్ట్రేషన్ రుసుము ఇంత, శాలువా, మెమెంటో, సర్టిఫికెట్’ అని సందేశం వస్తుంది. గౌరవ డాక్టరేట్ అంటారు. ఒక మరమగ్గాల కార్మికుడు తన వారం కూలీ అటు కట్టి, ఫ్లెక్సీ వేయించుకున్న సంగతి నాకు తెలుసు. ఆయన కవితలు నిజంగా మంచివి. ఆ సర్టిఫికెట్ ఏ దరఖాస్తులోనూ ఆయనకు అక్కరకు రాలేదు. పుస్తకాలు చదివి తీర్పు చెప్పేవాళ్లెవరో ముందు చెప్పనిది, గతంలో ఎవరికిచ్చారో పేర్లు లేనిది, గెలిచాక డబ్బు అడిగేది: ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనబడ్డా వదిలేయండి. చిత్రకళా ప్రదర్శనలకు కొన్నిచోట్ల చిన్న ప్రవేశ రుసుము మామూలే, దాన్నీ దీన్నీ కలపకండి.

చిత్రకారుల కష్టం ఇంకొక తీరు. 1954లో జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ కవి, చిత్రకారుడు, ఫోటోగ్రాఫర్. జగిత్యాలలో, కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో స్టూడియోలు పెట్టి ఆ పనితోనే బతకడానికి చూశాడు, క్షయతో 1993లో, తన పుట్టిన రోజైన జనవరి 12నే పోయాడు. 39 ఏళ్లు. ఆయన కవితలు గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆయన పేరు తలిచి సభ పెట్టడం మంచిదే. అట్లాంటి కళాకారుడికి నెలకు కొంత చేతికి వచ్చే దారి ఏముందో ఇప్పుడున్న పిల్లలకు చెప్పడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

ఆ దారుల్లో పైన చెప్పిన ఫెలోషిప్‌లతో పాటు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఒకటి. 1990ల నుంచి కళలకు గ్రాంట్లు ఇస్తున్న సంస్థ ఇది. ప్రతిపాదన ఏ భారతీయ భాషలోనైనా రాయొచ్చు, అంటే తెలుగులోనే పంపొచ్చు. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గేవాళ్లు మొదట చూడాల్సిన చోటు. లలితకళా అకాడమీ ఏటా జాతీయ చిత్రకళా ప్రదర్శనకు ఎంట్రీలు పిలుస్తుంది, మనకు దగ్గరి కేంద్రం చెన్నైది. ఇట్లాంటి చోట్ల తొలి వడపోత ఫోటో చూసే జరుగుతుంది. అందుకే బొమ్మను పగటి వెలుగులో, గోడకు నిటారుగా పెట్టి, ఫ్రేము అద్దం తీసేసి ఫోటో తీయండి. ప్రతి బొమ్మకూ పేరు, కొలతలు, మాధ్యమం, వేసిన ఏడాది రాసిన పట్టిక ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఫ్లెక్సీలు వచ్చి సైన్ బోర్డుల పని పోయిన పెయింటర్లు మన మూడు పట్టణాల్లోనూ ఉన్నారు. వాళ్ల చేతి అక్షరాలను, పాత బోర్డులను ఫోటోలు తీసి, వాళ్ల మాటలు రాసి పెడితే అదే ఒక గ్రాంటుకు తగిన పని.

సిరిసిల్ల నేతన్నలకు ఒక మాట విడిగా. సంత్ కబీర్ పురస్కారం, జాతీయ చేనేత పురస్కారం, ఆగస్టు 7 చేనేత దినోత్సవాన రాష్ట్రం ఇచ్చే కొండా లక్ష్మణ్ బాపూజీ పురస్కారం, ఇవన్నీ చేమగ్గానికే. సిరిసిల్ల ఇవాళ మరమగ్గాల ఊరు. మరమగ్గం మీద ఎంత నైపుణ్యం చూపినా ఆ దరఖాస్తు తిరిగొస్తుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, ఆ పనిని కొనసాగిస్తున్న కొడుకు విజయ్ పేరు తెచ్చుకున్నది అట్లాంటి చేతి పనితోనే. వెల్ది హరిప్రసాద్ జి20 చిహ్నాన్ని చేత్తో నేసి ఎవరూ పిలవకుండానే ప్రధానికి పంపాడు. 2022 నవంబర్ 27న ‘మన్ కీ బాత్’లో దాని ప్రస్తావన వచ్చింది. ఇంట్లో పాత చేమగ్గం, దాని మీద చేయి తిరిగిన పెద్దమనిషి ఉంటే ఆ మగ్గం అమ్మకండి, చేనేత జౌళి శాఖలో ఆయన పేరు నమోదైందో లేదో ముందు చూడండి. గుర్తింపు కార్డు లేనిది ఏ పురస్కారానికీ కాగితం కదలదు.

ఇవన్నీ ఎక్కడ చూడాలి? సోమవారం పత్రికల సాహిత్య పేజీలు, ఆంధ్రజ్యోతి ‘వివిధ’, నవతెలంగాణ ‘దర్వాజ’ లాంటివి, వాటి చివర చిన్న అక్షరాల్లో వేసే ఆహ్వానాలు. జిల్లా గ్రంథాలయంలో సోమవారం అరగంట కూర్చుంటే వారం పని అయిపోతుంది. సిరిసిల్లలో మానేరు రచయితల సంఘం వంటివి ఉన్నాయి. సంఘాల్లో ఒక్కరు ఈ బాధ్యత తీసుకొని, ప్రకటన ఫోటోతో పాటు గడువును పెద్ద అక్షరాల్లో రాసి అందరికీ పంపితే చాలు. ఒకసారి వచ్చిన ప్రకటన మరుసటి ఏడు దాదాపు అదే నెలలో మళ్లీ వస్తుంది. ఒక నోటుబుక్కులో నెలలవారీగా రాసుకుంటూ పోతే రెండో ఏటికి మీ చేతిలో మీ సొంత పంచాంగం ఉంటుంది.

చివరిగా, దరఖాస్తు రాయడం రానివాళ్ల గురించి. హనుమాజీపేట సినారె ఊరే కాదు, ఒగ్గుకథ మిద్దె రాములు ఊరు కూడా. జనగామ వైపు చుక్క సత్తయ్యకు ఒగ్గుకథకే సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2024 పద్మశ్రీల్లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య, బుర్రవీణ దాసరి కొండప్ప ఉన్నారు. పద్మ పురస్కారానికి ఎవరి పేరునైనా ఎవరైనా పంపొచ్చని, ఆఖరికి తమ పేరు తామే పంపుకోవచ్చని మన పల్లెల్లో ఎక్కువమందికి తెలియదు. కేంద్రం నడిపే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో 800 మాటలకు మించకుండా ఆ మనిషి చేసిన పని రాయాలి. గడువు ఏటా జూలై, సెప్టెంబర్ మధ్య పడుతుంది. 60 దాటిన పేద కళాకారులకు కేంద్రం నెలకు 6,000 దాకా సాయం చేస్తుంది, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. రాయగలిగిన మీరు ఈ పని ఒకటి చేయండి. మీ మండలంలో ఒగ్గు, చిందు, శారద కథ చెప్పే ఒక ముసలాయన దగ్గరికి పోయి, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగా ఉందో చూడండి. లేకపోతే మీసేవలో ముందు అదే సరిచేయించండి. పాత ప్రదర్శనల కరపత్రాలు, ఫోటోలు, పత్రికల కత్తిరింపులు పెట్టెలో చెదలు పట్టకముందే స్కాన్ చేయించండి. ఫోన్‌లో పది నిమిషాల కథ రికార్డు చేసుకోండి, తహసీల్దార్ కార్యాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి ఆయన వెంట మీరే పోండి.